చిన్నజాతి కుక్కపిల్ల ఎంత పెరుగుతుంది? వాల్థమ్ పెరుగుదల పటాల సమీక్ష

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల తెలుగు ఇళ్లలోకి చిన్నజాతి కుక్కపిల్ల వచ్చిందంటే, దానికి ఇంకా పేరైనా పెట్టకముందే అందరూ అడిగే ప్రశ్న అది పెరిగి ఎంతవుతుందన్నదే. ఈ ప్రశ్న ఉబుసుపోకకు పుట్టేది కాదు. బరంపురంలో రెండు గదుల అద్దె వాటాలో ఉండేవారికి ఇంటి యజమాని ఎంత కుక్క వరకు ఒప్పుకుంటారన్నది ముఖ్యం. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ మేడమెట్ల మీద దానిని ఎత్తుకోగలరా అన్నది ముఖ్యం. తిండి ఖర్చు దగ్గరనుంచి నులిపురుగుల మందు మోతాదు వరకు అన్నీ బరువును బట్టే ఉంటాయి కనుక, ముందుగా ఒక అంచనా ఉండడం కుటుంబానికీ మంచిదే, కుక్కపిల్లకూ మంచిదే. "చిన్నగానే ఉంటుందండీ" అని అమ్మేవారు చెప్పే మాటను మించి నమ్మదగిన కొలమానం కోసం వెతికేవారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

నేను సమీక్షిస్తున్నది వాల్థమ్ కుక్కపిల్లల పెరుగుదల పటాలను. ఇంగ్లండులోని లెస్టర్‌షైర్‌లో ఉన్న వాల్థమ్ పెంపుడు జంతువుల పరిశోధన సంస్థ వీటిని తయారు చేసింది. వీటికి ఆధారమైన అధ్యయనం 2017లో ప్లాస్ వన్ పత్రికలో వెలువడింది. అమెరికాలోని బాన్‌ఫీల్డ్ పశువైద్యశాలల్లో ఏళ్ల తరబడి నమోదైన తూకాల్లోంచి ఆరోగ్యంగా, సరైన ఒడ్డూ పొడుగుతో ఉన్న కుక్కల రికార్డులను ఏరి ఈ గీతలు గీశారు. పిల్లల డాక్టర్లు పసిబిడ్డ బరువును గుర్తించే కార్డు మన ఇళ్లలో అందరికీ తెలిసినదే. ఇవి కుక్కపిల్లల కోసం అదే పద్ధతిలో తయారైన కార్డులు. ఎవరైనా ఉచితంగా దించుకుని అచ్చు వేసుకోవచ్చు. ఈ సంస్థ మార్స్ కంపెనీది, ఆ కంపెనీ పెడిగ్రీ, రాయల్ కానిన్ పేర్లతో కుక్కల తిండి అమ్ముతుంది, ఆ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. అయితే పటం వాడడానికి ఆ తిండి కొనవలసిన అవసరం లేదు. ఇంట్లో వండి పెట్టే కుక్కపిల్లకు కూడా గీతలు అవే.

పటాలు మొత్తం పది. పెరిగిన తరువాత ఉండే బరువును బట్టి కుక్కలను ఐదు వర్గాలు చేశారు: 6.5 కిలోల లోపువి, 6.5 నుంచి 9 కిలోలవి, 9 నుంచి 15 కిలోలవి, 15 నుంచి 30 కిలోలవి, 30 నుంచి 40 కిలోలవి. ప్రతి వర్గంలో మగవాటికి ఒక పటం, ఆడవాటికి ఒక పటం ఉంటాయి. నలభై కిలోలు దాటే భారీ జాతులు వీటిలో లేవు. అడ్డంగా వయసు, నిలువుగా బరువు ఉంటాయి; వయసు 12 వారాల దగ్గర మొదలై రెండేళ్లదాకా సాగుతుంది. మధ్యలో తొమ్మిది వంపు గీతలుంటాయి. నడిమి గీత అంటే ఆ వర్గపు కుక్కల్లో సగం దానికి పైన, సగం కింద ఉంటాయని అర్థం. అన్నిటికంటె కింది గీత 0.4 శాతానిది, అన్నిటికంటె పై గీత 99.6 శాతానిది. కుక్కపిల్లను తూచిన ప్రతిసారీ ఒక చుక్క పెడతాం. ఆరోగ్యంగా పెరిగే పిల్ల చుక్కలు ఏదో ఒక గీత వెంట, లేదా రెండు గీతల నడుమ, దారి తప్పకుండా సాగుతాయి. ఏ గీత వెంట సాగుతోందన్నదానికంటె, ఆ గీతను వదలకుండా సాగుతోందా అన్నదే పటం చెప్పే అసలు విషయం.

ఇక్కడే కొనుగోలుదారులు మొదట తెలుసుకోవలసిన పరిమితి ఉంది. ఈ పటాలు జోస్యం చెప్పడానికి పుట్టినవి కావు, పెరుగుదలను కనిపెట్టి చూడడానికి పుట్టినవి. పది పటాల్లో మన కుక్కపిల్లకు ఏది వర్తిస్తుందో ఎంచుకోవాలంటే, అది పెరిగి ఎంత బరువవుతుందో మనకు ముందే సుమారుగా తెలిసి ఉండాలి. తెలుసుకోవాలనుకున్నదే ముందుగా తెలిసి ఉండాలంటే ఎలా అని ఎవరికైనా అనిపిస్తుంది. అయినా నేను ఈ పటాలను గట్టిగా సిఫార్సు చేయడానికి కారణం, తప్పు పటాన్ని ఎంచుకుంటే ఆ తప్పు ఎక్కువకాలం దాగదు. చుక్కలు అదే పనిగా పై గీతలను దాటి పోతూ ఉంటే, లేదా అన్నిటికంటె కింది గీతకు దిగువన నిలిచిపోతే, పిల్ల ఆరోగ్యంలోనైనా తేడా ఉండాలి, మనం ఎంచుకున్న వర్గమైనా తప్పయి ఉండాలి. ఆ రెండింటిలో ఏదన్నది తేల్చడానికి పశువుల డాక్టరు చేయి కావాలి.

ఈ ప్రాంతంలో వర్గం తప్పడానికి ముఖ్య కారణం పొమేరియన్ అన్న పేరు. బరంపురంలో గాని, పర్లాకిమిడిలో గాని, సరిహద్దు అవతల ఇచ్ఛాపురం, పలాసల్లో గాని తెల్లగా బొచ్చుగా ఉన్న ప్రతి చిన్న కుక్కనూ పొమేరియన్ అనే అంటారు. వాటిలో చాలా భాగం ఇండియన్ స్పిట్జ్ జాతివి. అది మన దేశపు ఎండకూ తేమకూ అలవాటుపడిన, ఓర్పుగల మంచి కుక్క. దానిని తక్కువ చేసి మాట్లాడడానికి ఏ కారణమూ లేదు. కాని బరువు దగ్గర తేడా చాలా పెద్దది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ ప్రమాణం ప్రకారం పొమేరియన్ బరువు 3 నుంచి 7 పౌండ్లు, అంటే సుమారు 1.4 నుంచి 3.2 కిలోలు. ఇండియన్ స్పిట్జ్‌లో చిన్న రకానికి సాధారణంగా చెప్పే లెక్క 5 నుంచి 7 కిలోలు, పెద్ద రకానికి 12 నుంచి 20 కిలోలు. రెండు నెలల వయసులో ఈ మూడూ అరచేతుల్లో ఇమిడే తెల్లటి బొచ్చు ఉండలే. పెరిగాక ఒకటి మొదటి వర్గపు పటంలో సుఖంగా ఇముడుతుంది, ఒకటి మొదటి రెండు వర్గాల సరిహద్దులో నిలుస్తుంది, మరొకటి మూడో వర్గంలోకో నాలుగో వర్గంలోకో పోతుంది.

కాబట్టి పటం అచ్చు వేయించడానికి ముందే చేయవలసిన పని తల్లిని చూడడం. తల్లి ఎదురుగా ఉంటే దాని బరువు అడగవచ్చు, కుదిరితే తూయవచ్చు, భుజం దగ్గర ఎత్తు కొలవవచ్చు. అంతర్జాతీయ కెన్నెల్ సమాఖ్య ప్రమాణంలో పొమేరియన్ ఎత్తు 18 నుంచి 24 సెంటీమీటర్లు. స్కూలు పిల్లల అడుగు స్కేలు పొడవు కూడా అందుకోదు. తల్లి మోకాలి ఎత్తున ఉండి, పిల్లను మాత్రం టాయ్ పొమేరియన్ అంటుంటే అక్కడే ఆగి ఆలోచించాలి. తండ్రిని చూడడం చాలాసార్లు వీలుకాదు, ఎందుకంటే దానిని మరో ఊరినుంచి జతకు తెచ్చి ఉంటారు. అటువంటప్పుడు దాని ఫోటోనైనా, ఒక మనిషి పక్కన నిలబెట్టి తీసినదాన్ని, అడగాలి. చెన్నై కేంద్రంగా ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ధ్రువపత్రం ఉంటే తల్లిదండ్రుల వివరాలు అందులో ఉంటాయి. ధ్రువపత్రం లేనంత మాత్రాన పిల్ల చెడ్డదేమీ కాదు. వర్గం ఎంచుకోవడంలో మన శ్రమ మాత్రం పెరుగుతుంది.

పగ్, షిట్జూ, లాసా ఆప్సో తెచ్చుకున్నవారికి పేరు విషయంలో ఇంత గందరగోళం ఉండదు గాని, వర్గాల హద్దు దగ్గర చిన్న చిక్కు ఉంది. పగ్ ప్రమాణ బరువు 6.3 నుంచి 8.1 కిలోలు, లాసా ఆప్సోది సుమారు 5.4 నుంచి 8.2, షిట్జూది సుమారు 4 నుంచి 7.3. మూడూ 6.5 కిలోల గీతకు ఇటూ అటూ విస్తరించి ఉన్నాయి. మా ఇంటి పగ్‌కు నేను మొదట రెండు వర్గాల పటాల మీదా చుక్కలు పెట్టాను. కొద్ది వారాల్లోనే ఒక పటంలో చుక్కలు పై గీతల దగ్గర ఇరుక్కుని, రెండో పటంలో నడిమి గీత పక్కన కుదురుగా నడవడం కనిపించింది. అప్పుడు మొదటి కాగితం పక్కన పెట్టేశాను. సరిహద్దు జాతులున్న అందరికీ ఇదే పద్ధతి చెబుతాను, ఎందుకంటే అదనంగా పోయేది ఒక కాగితమే. డాష్‌హౌండ్ విషయంలో మాత్రం అది మినియేచర్ రకమా, స్టాండర్డ్ రకమా అన్నది కొనేటప్పుడే తేల్చుకోవాలి; మొదటిది 5 కిలోల లోపు ఉంటుంది, రెండోది 7.3 నుంచి 14.5 కిలోల వరకు పోతుంది.

వర్గం తరువాత అంతటి చిక్కు వయసుది. పటం మీద ఒక చుక్క సరిగ్గా పడాలంటే బరువుతోపాటు వయసు కూడా సరిగ్గా తెలియాలి. తొలి నెలల్లో పిల్ల వారం వారం మారిపోతుంది కనుక, రెండు వారాల వయసు తేడా వస్తే చుక్క వేరే గీత మీద కూర్చుంటుంది. మన దేశంలో 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అందువల్ల తొందరపడి అమ్మేవారు వయసును ఒకటి రెండు వారాలు ఎక్కువ చెప్పే అవకాశం ఉంటుంది. ఎక్కువ చెప్పిన వయసుకు ఆ బరువు తక్కువగా కనిపిస్తుంది, దాంతో "చూశారా, చిన్న రకమే" అన్న మాటకు బలం చేకూరుతుంది. దీనికి విరుగుడు పళ్లు. పాలపళ్లు మూడో వారం నుంచి ఆరో వారం లోపు వస్తాయి, మొత్తం 28 ఉంటాయి. ముందరి పాలపళ్లు ఊడి శాశ్వత పళ్లు రావడం మూడు నుంచి ఐదు నెలల మధ్య జరుగుతుంది. ఏడో నెలకు 42 పళ్లూ వచ్చేస్తాయి. అలవాటైన పశువుల డాక్టరు నోరు తెరిచి చూసి వయసు సుమారుగా చెప్పగలరు. చిన్నజాతుల్లో పళ్లు కాస్త ఆలస్యం కావచ్చు, పాలపళ్లు ఊడకుండా నిలిచిపోవడం కూడా మామూలే, కాబట్టి పళ్ల లెక్కను రోజుల వరకు లాగకూడదు. అయినా మాట మీద చెప్పిన వయసుకంటె అదే నయం.

తూకం గురించి కూడా కొంత చెప్పాలి. మనిషి కుక్కపిల్లను ఎత్తుకుని బరువు యంత్రం మీద నిలబడి, తరువాత ఒంటరిగా నిలబడి, తేడా లెక్క వేసే పద్ధతి పెద్ద కుక్కలకు సరిపోతుంది. రెండు కిలోల పిల్లకు అది పనికిరాదు, ఎందుకంటే ఆ యంత్రం తప్పు చూపే వంద రెండువందల గ్రాములు ఈ పిల్లకు వారం రోజుల పెరుగుదలతో సమానం. కిరాణా కొట్లో వాడే ఎలక్ట్రానిక్ కాటా దీనికి చక్కగా పనికివస్తుంది. శుభ్రమైన గిన్నెలోనో బుట్టలోనో తువ్వాలు పరిచి, ముందు బుట్ట బరువు సున్నా చేసి, పిల్లను కూర్చోబెడితే సరిపోతుంది. వారానికి ఒకసారి, అదే వేళకు, తిండికి ముందు తూయాలి. పొట్ట ఉబ్బి ఉన్న పిల్లకు పురుగులున్నాయేమో చూపించాలి. రెండో వారం నుంచి మూడు నెలల వరకు పదిహేను రోజులకొకసారి, ఆ తరువాత ఆరు నెలల వరకు నెలకొకసారి నులిపురుగుల మందు పట్టించడం మామూలు పద్ధతి. పురుగులతో ఉబ్బిన పొట్ట బరువును పెరుగుదలగా గుర్తిస్తే పటం మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

ఫోనులో దొరికే లెక్కల యంత్రాలతో పోల్చితే వాల్థమ్ పటాల విలువ ఇంకా బాగా తెలుస్తుంది. వాటిలో ఎక్కువగా కనిపించే సూత్రం ఒకటుంది: ఇప్పటి బరువును వారాల్లో వయసుతో భాగించి 52తో గుణించాలి. పదహారు వారాల పిల్ల 2.4 కిలోలుంటే, వారానికి 0.15 కిలో చొప్పున ఏడాదికి 7.8 కిలోలని తేలుతుంది. ఈ సూత్రం కుక్కపిల్ల ఏడాది పొడుగునా ఒకే వేగంతో పెరుగుతుందని నమ్ముతుంది. దాని ప్రకారం పదహారో వారానికి పూర్తి బరువులో 31 శాతమే వచ్చి ఉండాలి. నిజానికి చిన్నజాతి పిల్లలు నాలుగు నెలల ప్రాంతానికే సగం బరువుకు చేరతాయి. అంటే ఆ పిల్ల పెరిగి సుమారు ఐదు కిలోల దగ్గర ఆగే అవకాశం ఎక్కువ. ఐదు కిలోల కుక్కను ఎనిమిది కిలోలని చెప్పే సూత్రాన్ని నమ్మి, ఇంట్లో చోటు చాలదని పిల్లను తిరిగి ఇచ్చేసే కుటుంబాలు ఉంటే అది ఎంత అన్యాయమో వేరే చెప్పనక్కరలేదు. నాలుగు నెలల బరువును రెట్టింపు చేయడమనే పాత పద్ధతి చిన్నజాతులకు దీనికంటె చాలా మేలు. కాని అది కూడా ఒక్క తూకం మీద ఆధారపడినదే. ఆ వారం పిల్లకు విరేచనాలు పట్టుకుని ఉంటే లెక్క తప్పుతుంది. పటం మీద వరుసగా పడిన చుక్కల్లో ఒక చెడ్డ వారం దానంతటదే విడిగా కనిపిస్తుంది.

పాదాలు పెద్దవైతే కుక్క పెద్దదవుతుందన్న మాటను చిన్నజాతుల విషయంలో పట్టించుకోనక్కరలేదు. డాష్‌హౌండ్ వంటి పొట్టి కాళ్ల జాతులకు పాదాలు పుట్టుకతోనే వెడల్పు. బొచ్చు ఇంకా ఎక్కువ మోసం చేస్తుంది. స్పిట్జ్, పొమేరియన్ పిల్లలు నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పిల్లబొచ్చు రాల్చుకుని, కాళ్లు సాగి, బక్కచిక్కినట్టు కనిపిస్తాయి. ఆ దశలో చాలామంది భయపడి తిండి పెంచేస్తారు. కాటా మీద బరువు గీత వెంటే నడుస్తూ ఉంటే భయపడవలసింది ఏమీ లేదు.

చిన్నజాతులు తొందరగా ఆగిపోవడానికి కారణం ఎముకల్లో ఉంది. పొడుగాటి ఎముకల చివర ఉండే పెరుగుదల పొరలు చిన్నకుక్కల్లో త్వరగా గట్టిపడతాయి. అవి మూసుకున్నాక ఎత్తు పెరగదు. చిన్నజాతి కుక్క సుమారు ఎనిమిది నుంచి పది నెలలకు, ఆలస్యమైతే ఏడాదికి, పూర్తి పరిమాణానికి వస్తుంది. భారీ జాతులకు ఇదే ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. పరిమాణాన్ని శాసించే జన్యువుల్లో ముఖ్యమైనది ఐజీఎఫ్1. చిన్నకుక్కల్లో దాని ప్రత్యేక రూపం ఉన్నట్టు 2007లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపించింది. కాని పరిమాణం ఒక్క జన్యువుతో తేలేది కాదు, ఎన్నో జన్యువులు కలిసి నిర్ణయిస్తాయి. అందుకే ఒకే ఈతలో పుట్టిన అన్నదమ్ములు కూడా కిలో తేడాతో పెరగవచ్చు.

ఇప్పుడు ఈ పటాల వాడకంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయానికి వస్తాను. పర్లాకిమిడిలోని మా చెల్లెలి ఇంటికి టాయ్ పొమేరియన్ పేరుతో ఒక ఆడ కుక్కపిల్ల వచ్చింది. అమ్మినవారు ఇచ్చిన సలహా ఇది: "అమ్మా, దీనికి రోజుకు ఒక్కపూటే పెట్టండి. రెండు పూటలా పెడితే పెరిగిపోతుంది. ఒక్కపూట పెడితే ఎప్పటికీ ఇలాగే బొమ్మలా ఉంటుంది." ఈ సలహా ఒక్కరిది కాదు, సరిహద్దుకు రెండువైపులా చిన్నకుక్కలు కొన్న చాలామంది ఇదే మాట విన్నారు. మూడు నెలల వయసులో తూచి మొదటి వర్గపు పటం మీద చుక్క పెడితే, అది పై గీతల దగ్గరైనా లోపలే ఉంది. కాగితం ఒక్కటే చూస్తే అమ్మినవారి మాట నిజమేనని అనిపించేది. పశువుల ఆసుపత్రిలో డాక్టరుగారు బొచ్చులోకి చేయి పోనిచ్చి పక్కటెముకల మీద, నడుము మీద తడిమి, ఎముకలు చేతికి గుచ్చుకుంటున్నాయని మా చెల్లెలి చేతిని అక్కడ పెట్టి చూపించారు. పిల్ల చిన్నది కాదమ్మా, ఆకలితో ఉంది అన్నారు.

రోజుకు నాలుగు పూటలు పెట్టడం మొదలుపెట్టాక ఆ పిల్ల చుక్కలు గీత తరువాత గీత దాటి, నాలుగో నెలకల్లా మొదటి వర్గపు పటంలో అన్నిటికంటె పై గీతను కూడా దాటిపోయాయి. తొమ్మిది నుంచి పదిహేను కిలోల వర్గపు పటం మీదికి మార్చాక నడిమి గీతకు కాస్త దిగువన కుదురుకుని, ఆ తరువాత ఎక్కడా దారి తప్పలేదు. ఇప్పుడది పదకొండు కిలోల దగ్గర ఆగిన ఇండియన్ స్పిట్జ్. అది అందరికీ ముద్దొచ్చే కుక్క, మూడు కిలోల కుక్క కాకపోయినందువల్ల ఆ ఇంట్లో దానికి వచ్చిన లోటు ఏమీ లేదు. నేను దీనిని ఇంత వివరంగా చెప్పడానికి కారణం, పటాన్ని ఒంటరిగా నమ్మకూడదన్న సంగతిని ఏ వివరణా ఇంతకంటె బాగా చెప్పలేదు. ఆకలి పెట్టిన పిల్ల కాగితం మీద చిన్నజాతిలా కనిపిస్తుంది. చుక్క పెట్టిన ప్రతిసారీ చేత్తో తడిమి చూడాలి: పక్కటెముకలు కంటికి కొట్టొచ్చినట్టు కనిపించకూడదు, కాని తేలికగా తడిమితే చేతికి తగలాలి, పైనుంచి చూస్తే నడుము సన్నగా తెలియాలి. కుక్క బక్కగా ఉందా, లావుగా ఉందా అని చూడడానికి పశువైద్యులు వాడే ఒకటి నుంచి తొమ్మిది వరకు ఉండే కొలతలో ఇది నాలుగో ఐదో స్థానం.

తిండి తగ్గించి కుక్కను చిన్నగా ఉంచవచ్చన్న నమ్మకం ప్రాణాంతకమైనది. బాగా చిన్నజాతి పిల్లల ఒంట్లో చక్కెర నిల్వ చాలా తక్కువ. కొన్ని గంటలు ఖాళీ కడుపుతో ఉంటే రక్తంలో చక్కెర పడిపోయి, తూలడం, వణకడం, స్పృహ తప్పడం, ఫిట్స్ రావడం జరుగుతాయి. అటువంటప్పుడు చిగుళ్ల మీద కాస్త తేనెగాని చక్కెర నీళ్లుగాని రాసి వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. మూడు నాలుగు నెలల వరకు వాటికి రోజుకు మూడు నాలుగుసార్లు కొద్దికొద్దిగా పెట్టడమే పద్ధతి. ఎముకల పొడుగు ఎక్కువగా జన్యువుల చేతిలో ఉంటుంది. తిండి తగ్గిస్తే దక్కేది చిన్నకుక్క కాదు, బలహీనమైన కుక్క. టీకప్ పేరుతో అమ్మే పిల్లల విషయంలో కూడా ఇదే జాగ్రత్త చెబుతాను. టీకప్ అన్న రకాన్ని ఏ గుర్తింపు పొందిన కెన్నెల్ క్లబ్బూ ఒప్పుకోదు. ఆ పేరుతో వచ్చేది ఈతలో అందరికంటె బలహీనంగా పుట్టిన పిల్లైనా కావచ్చు, వయసు తక్కువ పిల్లైనా కావచ్చు.

దీనికి ఎదురుగా ఉన్న తప్పు కూడా మన ఇళ్లలో ఉంది. పఖాళలో, అంటే చద్దన్నంలో, పెరుగు కలిపి పెట్టడం, టీతోపాటు బిస్కెట్లు విసరడం, పండగనాడు అరిసె ముక్క పెట్టడం ప్రేమతో చేసేవే. అన్నం, బిస్కెట్ల తిండిలో మాంసకృత్తులు తక్కువై, పిల్ల ఎదగకుండా కొవ్వు పడుతుంది. ఎదుగుదల ఆగే వయసు దాటాక కూడా చుక్కలు పైకి పోతూ ఉంటే అది పొడుగు కాదు, పొట్ట. చుక్కలు వరుసగా రెండు గీతలు దాటితే, పైకైనా కిందికైనా, డాక్టరుకు చూపించాలన్నది ఈ పటాల వెనుక ఉన్న సూత్రం. దానిని చిన్నజాతులున్నవారు ఖచ్చితంగా పాటించాలి, ఎందుకంటే ఐదు కిలోల కుక్క ఒక్క కిలో అదనంగా పెరిగితే అది దాని ఒంట్లో ఐదో వంతు.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ వల్ల పెరుగుదల మారుతుందా అని అడిగేవారున్నారు. ఎముకల పొరలు మూసుకోకముందే చేయిస్తే అవి కాస్త ఆలస్యంగా మూసుకుంటాయి, కాని 2017 అధ్యయనంలో గీతల మీద పడిన ప్రభావం స్వల్పమే కావడంతో వేరే పటాలు చేయలేదు. ఆపరేషన్ తరువాత ఆకలి పెరిగి బరువెక్కడం మాత్రం మామూలు, కాబట్టి చుక్కలు పెట్టడం అప్పుడే మానకూడదు.

ఇక లోపాలు. పటం 12 వారాలకు మొదలవుతుంది, పిల్లను కొనడం ఎనిమిది వారాలకు జరుగుతుంది. వర్గం విషయంలో ఎక్కువ సందేహం ఉండే ఆ నాలుగు వారాలకు పటంలో చోటే లేదు. ఆ వారాల తూకాలను ఒక పుస్తకంలో రాసుకుని, వారానికి ఎంత పెరుగుతోందో చూసుకోవడం తప్ప దారి లేదు. రెండో లోపం, ఇవి అమెరికా కుక్కల రికార్డుల నుంచి పుట్టినవి. జాతి పేరుతో కాకుండా బరువు వర్గంతో నడుస్తాయి కనుక ఇండియన్ స్పిట్జ్‌కు కూడా పనికివస్తాయి, మా చెల్లెలి ఇంట్లో పనికివచ్చాయి కూడా. కాని వర్గం ఎంచుకోవడానికి ఇచ్చే సలహా మన కుక్కలను దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు. మూడోది, నేను వాడిన పటాల్లో సూచనలన్నీ ఆంగ్లంలోనే ఉన్నాయి. గీతలు చదవడానికి భాష అక్కరలేదు గాని, రెండు గీతలు దాటితే ఏం చేయాలన్న వాక్యం ఇంట్లో కుక్కకు తిండి పెట్టే మనిషికి అర్థం కావాలి. ఆ మనిషి చాలా ఇళ్లలో అమ్మో, అమ్మమ్మో అవుతారు.

నా వరకు ఈ పటాలకు ఐదుకు నాలుగు చుక్కలు ఇస్తాను. అచ్చు వేయించిన కాగితాన్ని టీకాల పుస్తకంలోనే మడిచి పెట్టుకుంటే, ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ డాక్టరుగారు ఒక్క చూపులో ఆర్నెల్ల పెరుగుదలను చూడగలుగుతారు. తయారు చేసినవారు ఎనిమిదో వారం నుంచి గీతలు కలిపి, సూచనలను తెలుగులోనూ ఒడియాలోనూ ఇస్తే ఆ ఐదో చుక్క కూడా సంతోషంగా ఇస్తాను. భువనేశ్వర్ పశువైద్య కళాశాల వంటి చోట్ల ఇండియన్ స్పిట్జ్ పిల్లల తూకాలను వారం వారం నమోదు చేసి మన కుక్కలకు మన గీతలు గీస్తే, పర్లాకిమిడిలో తెల్లటి పిల్లను తెచ్చుకునే కుటుంబానికి వర్గం ఎంచుకోవడం చాలా సులువవుతుంది.